షామియానా విప్పేశాక

నవంబరు 14 వచ్చిందంటే మన ఊళ్లలో గ్రంథాలయాల ముందు షామియానాలు లేస్తాయి. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. లోపల బల్లల మీద పుస్తకాలు అట్టలు కనబడేలా నిలబెడతారు. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఎస్.ఆర్. రంగనాథన్ పటాలకు దండలు వేస్తారు. చుట్టుపక్కల బడుల నుంచి టీచర్లు పిల్లల్ని వరసగా నడిపించుకొస్తారు. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, చిత్రలేఖనం పోటీలు జరుగుతాయి. 20వ తేదీన ముగింపు సభ, బహుమతులు, ఫొటోలు. 21న షామియానా విప్పేస్తారు.

పిల్లల తల్లిదండ్రులతో నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ 21వ తేదీ గురించి.

ఆ వారం రోజులూ గ్రంథాలయంవాళ్లు పడే శ్రమంటే నాకు చాలా గౌరవం. చిన్న ఊళ్లలో తలుపులు తీసేదీ, పత్రికలు సర్దేదీ, పుస్తకాలు ఇచ్చేదీ తరచుగా ఒక్కరే. ఆ ఒక్కరే బడులకు వెళ్లి పిలిచి, బల్లలు అడిగి తెచ్చుకుని, బహుమతులు కొని ఇదంతా నడుపుతారు. టీచర్లు తరగతి తరగతినీ రోడ్డు దాటించి తీసుకొస్తారు. అయితే వాళ్ల చేతిలో ఉన్నది అంతవరకే. మూడో తరగతి పిల్ల మళ్లీ ఆ గుమ్మం ఎక్కాలంటే ఇంట్లోవాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. పుస్తక ప్రదర్శన పిల్లలకు దారి చూపిస్తుంది. ఆ దారిన రెండోసారి నడిపించాల్సింది మనమే.

అందుకని మొదటి మాట ఇది. వారోత్సవాల్లో ఒకరోజు మీరే పిల్లల్ని తీసుకుని వెళ్లండి. బడి నుంచి ఎలాగూ వెళ్లారుగా అని ఊరుకోవద్దు. వరసలో వచ్చిన పిల్లలకు ముందు నడిచేవాడి వీపు తప్ప పెద్దగా ఏమీ కనపడదు. ఆ తర్వాత, హడావిడి లేని మామూలు ఆదివారం ఇంకోసారి వెళ్లండి. శాఖా గ్రంథాలయాలకు సాధారణంగా శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటాయి. ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తీసి మధ్యాహ్నం మూసేవే ఎక్కువ కాబట్టి వేళలు ముందే కనుక్కోండి. ఎండలో నడిచి వెళ్లి తాళం చూసి వెనక్కి వస్తే చిన్నపిల్లలు రెండోసారి బయలుదేరరు.

ప్రదర్శనలో పిల్లల్ని ఎలా నడిపించాలో చెబుతాను. అన్ని బల్లలూ చూపించాలని తొందరపడకండి. ఒక్క బల్ల దగ్గర పావుగంట నిలబడితే ఆ రోజుకు చాలు. పెద్దవాళ్లు చూడమన్నచోట పిల్లలు ఆగరు. మీరు స్వాతంత్ర్య సమరయోధుల పటాలు చూపిస్తూ ఉంటే వాళ్లు ఓ పాత పుస్తకంలో పురుగు తొలిచిన కన్నం ఎన్ని పేజీల వెనక్కి వెళ్లిందో లెక్కపెడుతూ ఉంటారు. లెక్కపెట్టనివ్వండి. ఆ పురుగు ఏమిటి, కాగితం దానికెందుకు ఇష్టం, పుస్తకాల మధ్య వేపాకు ఎందుకు పెడతారు అని వాళ్లే అడుగుతారు. మీకు తెలిస్తే చెప్పండి, తెలియకపోతే గ్రంథపాలకుణ్ణి అడుగుదామనండి. అడగాల్సింది పిల్లలే. పెద్దమనిషి దగ్గరకు వెళ్లి, నమస్కారమండీ అని, తనకు కావలసిందేదో తన నోటితో చెప్పడం కూడా అక్కడ నేర్చుకునే చదువే. చదువుకుంటే ఇవన్నీ చదవచ్చు, చూశావా, పక్కింటివాడు ఎన్ని చదివాడో లాంటి మాటలు మాత్రం ఆ గంటసేపూ వద్దు.

ప్రదర్శన వల్ల చిన్నపిల్లలకు ఒక మేలుంది, పెద్దలకు అది పెద్దగా తట్టదు. మామూలు రోజుల్లో పుస్తకాలు బీరువాలో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి, వెన్నులు మాత్రమే కనబడతాయి. ఏడేళ్ల పిల్ల వెన్ను మీది పేరు చూసి పుస్తకం తీసుకోలేదు. అట్ట మీద ఏనుగు కనపడాలి, పడవ కనపడాలి. ఏడాదిలో వాళ్లు తమంతట తాము ఎంచుకోగలిగిన వారం అదే. ఓ చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి నచ్చిన పుస్తకాల పేర్లు వాళ్ల చేతే రాయించండి. మూడు పేర్లు చాలు. వచ్చే ఆదివారం ఆ చీటీ పట్టుకుని వెళ్లి, ఇవి ఉన్నాయాండీ అని అడిగితే రెండోసారి వెళ్లడానికి కారణం మీరు వెతకక్కర్లేదు.

కొన్ని గ్రంథాలయాలైతే ఏడాది పొడవునా ప్రదర్శనశాలలే. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ ఇప్పటికీ భద్రంగా చూపిస్తారు. నాకైతే కర్ర కంటే అక్కడి పాత పత్రికల సంపుటాలు పిల్లలకు ఎక్కువ నచ్చుతాయనిపిస్తుంది. తాతగారు పుట్టిన సంవత్సరంలోని పత్రిక దొరుకుతుందేమో అడిగి చూడండి. అందులోని సబ్బు ప్రకటన, బియ్యం ధర, ఊరికొచ్చిన సినిమా, చివరికి ఆ అచ్చు వాసన కూడా, సోషల్ పాఠం చెప్పలేనిది చెబుతాయి. కడపలో సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి వెళితే తాళపత్రాలు కనబడతాయి. ఆకు మీద సిరాతో రాయరనీ, ఇనుప గంటంతో గీసి, ఆ గీతల్లో నల్లటి మసి నింపి తుడిస్తే అక్షరాలు తేలతాయనీ అక్కడ చెబితే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. ఇంటికొచ్చాక పాత విసనకర్ర నుంచి తాటాకు ముక్క తీసి, మేకుతో గీసి, దీపపు మసి రాసి చూడమనండి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోనూ తాళపత్రాలున్నాయి. హైదరాబాదు సుల్తాన్ బజారులో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి ఓ చోటు కావాలని మన పెద్దలు పెట్టుకున్నది అది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది. సెలవుల్లో చార్మినార్ చూపించడానికి తీసుకెళ్తున్నారా? అది అక్కడికి దగ్గరే. పెద్ద హాల్లోకి ఒకసారి తీసుకెళ్లి నిలబెట్టండి.

పడవ గ్రంథాలయం కథ కూడా చెప్పండి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసి ఊరూరికీ పంపారు. పడవ రేవుకు రాగానే చదివిన పుస్తకం ఇచ్చేసి కొత్తది తీసుకునేవారు. బస్సులు అంతగా లేని రోజుల్లో పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలనుకున్నారు ఆయన. ఈ కథ విన్న పిల్లలు, మన వీధికీ అలా వస్తే బాగుణ్ణు అంటారు. అన్నప్పుడు ఊరుకోవద్దు. చిన్న అట్టపెట్టెలో ఇంట్లో ఉన్న పది పుస్తకాలు పెట్టి, అపార్టుమెంటులోనో వీధిలోనో నలుగురు పిల్లలకు ఇచ్చిపుచ్చుకునే పని వాళ్లకే అప్పగించండి. ఎవరు ఏది తీసుకెళ్లారో రాసుకునే రిజిస్టరు వాళ్లే గీసుకుంటారు. వారం తిరగకుండానే, ఎవరు ఆలస్యంగా ఇస్తున్నారో కూడా వాళ్లే చెబుతారు.

ఇక వర్క్‌షాపుల సంగతి. వేసవిలో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల్లో విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వేయించడం, కాగితంతో చేసే పనులు, ఆటలు ఉంటాయి. డబ్బు కట్టి పంపే సమ్మర్ క్యాంపుల హంగు వాటికి ఉండదు. ఫ్యాను ఓ మూల తిరుగుతుంటుంది, చాపల మీద కూర్చోవాలి. అయినా పంపండి. నాలుగు రకాల ఇళ్ల నుంచి, నాలుగు రకాల బడుల నుంచి వచ్చిన పిల్లలు ఒకే చాప మీద కూర్చునే చోటు మన ఊళ్లలో ఇంకెక్కడా పెద్దగా మిగల్లేదు. పంపాక కిటికీలోంచి చూస్తూ, అలా కాదు ఇలా మడువు అని కేకేయకండి. ఇంటికొచ్చాక ఏం నేర్పారని పాఠం అప్పజెప్పించుకోవద్దు. తెచ్చినదాన్ని గోడకు అతికించి ఊరుకోండి. అడగకపోతే రాత్రి అన్నం తినేటప్పుడు వాళ్లే చెబుతారు.

శిబిరం లేని ఊళ్లోనైనా, అసలు మీ ఇంట్లోనైనా చేయగలిగిన వర్క్‌షాపు ఒకటుంది. ఒక్క ఏ4 కాగితంతో పుస్తకం తయారుచేయడం. కాగితాన్ని ఎనిమిది సమానమైన గళ్లు వచ్చేలా మడిచి విప్పండి, నాలుగేసి గళ్ల రెండు వరుసలు వస్తాయి. పొడుగు సగం అయ్యేలా మడిచి, మడత ఉన్న వైపు నుంచి రెండు వరుసల మధ్య గీత వెంట ఒక గడి పొడవున కత్తిరించండి. మొత్తం విప్పి, ఈసారి పొడుగు తగ్గకుండా వెడల్పు సగానికి మడిచి, రెండు చివరలనూ ఎదురెదురుగా నెడితే మధ్య చీలిక తెరుచుకుంటుంది, గళ్లన్నీ పేజీలై ఒకదాని మీదికొకటి చేరతాయి. జిగురు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు. ముందు అట్ట, వెనక అట్ట పోగా ఆరు పేజీలు మిగులుతాయి. నానమ్మ చెప్పిన కథ ఆరు పేజీల్లో పట్టించాలంటే ఎక్కడ ఆపాలో, ఏది వదిలేయాలో, ఏ ముక్కకు బొమ్మ వేయాలో పిల్లలే ఆలోచించుకోవాలి. అట్ట మీద రచయిత పేరు రాయమనండి, సంవత్సరం వేయమనండి, వెల కూడా పెట్టుకోమనండి. లోపల ఒత్తులు తప్పుగా ఉంటే పెన్నుతో దిద్దకండి. అది వాళ్ల పుస్తకం. దిద్దాలనిపిస్తే ఆ మాట నోటుబుక్కు రాసేటప్పుడు గుర్తుచేయండి. ఇలాంటివి ఓ పదిహేను పోగయితే గ్రంథపాలకులకు చూపించి, వచ్చే నవంబరులో ఒక బల్ల మీద పెట్టనిస్తారా అని అడగండి. ఒప్పుకుంటే ఆ ఊరి ప్రదర్శనలో మీ పిల్లల పుస్తకం కూడా ఉంటుంది.

పుస్తకాల మీది అంకెలు చూపించడం ఇంకో మంచి ఆట. మన గ్రంథాలయాల్లో చాలా చోట్ల డ్యూయీ దశాంశ పద్ధతిలో పుస్తకాలు సర్దుతారు. అందులో 520 ఖగోళశాస్త్రం, 598 పక్షులు, 641 వంట, 796 ఆటలు, 954 భారతదేశ చరిత్ర. పిచ్చుకంటే ఇష్టమైన పిల్లను, 598 ఎక్కడుందో పట్టుకో చూద్దాం అని వదిలేయండి. క్రికెట్ తప్ప ఏదీ పట్టని పిల్లాడికి 796 చూపించండి. నాలుగుసార్లు వెతికాక ఆ గదంతా వాళ్లకు తెలిసిన వీధి అయిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేకుండా కావలసిన అర దగ్గరికి నడిచి వెళ్లే పిల్లలో ఓ ధీమా వస్తుంది, మీరే గమనిస్తారు. ఇలా పాఠకుడు తానే వెతుక్కోవాలన్నది రంగనాథన్ గారి మాట కూడా. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పిన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి వచ్చి, 1931లో గ్రంథాలయానికి అయిదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తనదైన పుస్తకం ఎక్కడో ఒకటి ఉంటుందన్నది వాటిలో ఒక సూత్రం సారాంశం. బీరువాలకు తాళాలేసి, కావలసింది చెబితే తీసిస్తాం అనే పద్ధతి ఆయనకు నచ్చలేదు. చేత్తో తాకి, తిరగేసి, వద్దనుకుని మళ్లీ పెట్టేసే స్వేచ్ఛ పాఠకుడికి ఉండాలన్నారు. మీ ఊరి గ్రంథాలయంలో పిల్లల బీరువాకు తాళం ఉంటే, నేను పక్కనే ఉంటాను, వాళ్లను చూసుకోనివ్వండి అని మర్యాదగా అడగండి. ఎక్కువమంది తీసేస్తారు.

పోటీల విషయంలో నా అభిప్రాయం నిక్కచ్చిగానే చెబుతాను. గ్రంథాలయాల ప్రాముఖ్యత మీద వ్యాసం ఫోనులో వెతికి, కాపీ చేయించి, కంఠస్థం పట్టించి పంపే ఇళ్లున్నాయి. అది పిల్లకు చదువుమీద ఇష్టం పెంచదు, పైగా మనసులో లేని మాట రాస్తే బహుమతి వస్తుందని నేర్పుతుంది. వ్యాసరచనకు పంపేటట్టయితే ఆ ఏడాది తాను నిజంగా చదివిన ఒక్క పుస్తకం గురించి రాయమనండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయమనండి. బహుమతి రాకపోయినా ఏమీ కాదు. వస్తే, ఆ బహుమతి పుస్తకాన్ని అద్దాల అలమారలో పెట్టకుండా చదివించండి.

బడి సంగతికి వద్దాం. చాలా ప్రభుత్వ పాఠశాలల్లో మంచి పుస్తకాలే ఉంటాయి. 2018లో వచ్చిన సమగ్ర శిక్ష పథకంలో బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఉంది. ఆ పుస్తకాలు హెడ్మాస్టరు గది బీరువాలోనే ఉండిపోతే, దానికి తరచుగా ఒకటే కారణం. పుస్తకం పోతే, చిరిగితే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలి అన్న భయం. ఆ భయం తీర్చాల్సింది తల్లిదండ్రులే. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో లేచి, మాస్టారూ, పిల్లలకు ఇవ్వండి, నాలుగు చిరిగితే అతికిస్తాం, రెండు పోతే మేం కొనిస్తాం అని చెప్పి, ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయించండి. నెలకో ఆదివారం ఇద్దరు తల్లులు వెళ్లి చిరిగిన అట్టలు అతికించి వస్తే టీచరుకు ఎంత ధైర్యమో చెప్పలేను. ప్రైవేటు బడుల్లో లైబ్రరీ పీరియడు టైంటేబుల్లో ఉంటుంది కానీ పరీక్షలు దగ్గరపడగానే లెక్కలకు పోతుంది. పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కులతోపాటు, ఈ నెల మా అమ్మాయి లైబ్రరీ నుంచి ఏం తెచ్చుకుందండీ అని కూడా అడగండి. నలుగురు తల్లిదండ్రులు అడిగితే ఆ పీరియడును కదిలించడానికి బడి ఆలోచిస్తుంది.

మా పిల్లలకు తెలుగు చదవడం రాదండీ, గ్రంథాలయంలో ఉన్నవన్నీ తెలుగే అంటారు కొందరు. ఇంగ్లిషు మీడియంలో అయిదో తరగతికి వచ్చినా ఒత్తులు కూడబలుక్కునే పిల్లలు నిజంగానే ఎక్కువమంది ఉన్నారు. వాళ్లకు వయసుకు తగ్గ పెద్ద పుస్తకం ఇస్తే భయపడతారు. బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టించండి, వయసు చూడకండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో తెలుగు పుస్తకాలున్నాయి. ‘మంచి పుస్తకం’ సంస్థ ప్రచురణలు సన్నగా, తక్కువ వెలకు దొరుకుతాయి. రోజూ రాత్రి మీరు నాలుగు పేజీలు పైకి చదవండి, పిల్లలు పక్కన కూర్చుని అక్షరాల మీద వేలు నడపనివ్వండి. చదవడం వచ్చిన పిల్లలకు కూడా చదివి వినిపించడం ఆపకండి. అక్కకు తమ్ముణ్ణి అప్పగిస్తే ఇద్దరికీ వస్తుంది.

దగ్గర్లో గ్రంథాలయం లేని ఊళ్లూ ఉన్నాయి, ఉన్నా పిల్లల పుస్తకాలు లేనివీ ఉన్నాయి. అక్కడ ఫోను పనికొస్తుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో వందల తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి ఎంచుకోవచ్చు, ప్రింటు తీసి పంచుకోవచ్చు. అరవింద్ గుప్తా గారు చెత్త నుంచి సైన్సు బొమ్మలు చేయించే పుస్తకాలు, శ్రీనివాస చక్రవర్తి గారు తెలుగులోకి తెచ్చిన సైన్సు పుస్తకాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. తెలుగు వికీసోర్స్‌లో పాత గ్రంథాలున్నాయి, అవి పెద్దపిల్లలకూ టీచర్లకూ. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా వేదికలోకి వెళ్లొచ్చు. ఫోను పిల్లల చేతికిచ్చి వదిలేయకండి. కథ మీరు తెరిచి, ఒకే తెర మీద ఇద్దరూ కలిసి చదవండి. వీలైతే నెలకు రెండు కథలు ప్రింటు తీయించి కుట్టి ఇవ్వండి, కాగితం పుస్తకం అన్నం తింటూ కూడా పక్కనే ఉంటుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఓ మాట. ఇప్పుడు పట్టణాల గ్రంథాలయాల్లో రీడింగు హాలు నిండా గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షలకీ చదువుకునే యువకులుంటారు. పత్రికల బల్ల చుట్టూ పెద్ద మగవాళ్లుంటారు. అది చూసి అమ్మాయిని పంపడానికి వెనకాడుతున్నారు. ఒంటరిగా పంపకండి, మీరూ వెంట వెళ్లండి, పక్కన కూర్చుని మీరూ ఓ వారపత్రిక చదవండి. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వెళితే ఇంకా మంచిది. నాలుగు ఆదివారాలు అయ్యేసరికి అక్కడ పిల్లలకు ఓ మూల ఏర్పడుతుంది. ఆ ఉద్యోగార్థుల్లో ఒకరిద్దరు వచ్చి పిల్లలకు లెక్క చెబుతామనీ అనొచ్చు.

ఈ గ్రంథాలయం మీకు ఎవరో దయతో ఇచ్చింది కాదని కూడా పిల్లలకు చెప్పండి. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వెళ్తుంది. ఇంటిపన్ను రసీదు తీసి ఆ పద్దు చూపించి, ఇది మన వంతు అనండి. సభ్యత్వానికి చిన్న డిపాజిట్టు, ఓ హామీ సంతకం అడుగుతారు. దరఖాస్తులో పేరు పిల్లల చేతే రాయించండి. ఇంటికి తెచ్చుకున్న పుస్తకానికి గడువు తేదీ గుర్తుపెట్టుకునే పనీ వాళ్లదే. మీరు గుర్తుచేసి పరుగున తీసుకెళ్లి ఇచ్చేయకండి. ఓసారి ఆలస్యమైతే జరిమానా వాళ్లు దాచుకున్న డబ్బుల్లోంచి కట్టనివ్వండి.

ఎంత వెతికినా నచ్చిన పుస్తకం దొరక్కపోతే, సూచనల పుస్తకం ఇవ్వమని అడగండి. కావలసిన పుస్తకం పేరు, రచయిత పేరు, ఎందుకు కావాలో ఒక్క వాక్యం, కింద తన పేరు, తరగతి రాయమనండి. మీరు కూడా కింద ఓ సంతకం చేయండి. పుస్తకాలు కొనే ముందు జిల్లా గ్రంథాలయ సంస్థకు శాఖల నుంచి వెళ్లే అవసరాల్లో ఆ పేరు కూడా చేర్చమని గ్రంథపాలకులకు చెప్పి రండి. రెండు నెలలు ఆగి మళ్లీ వెళ్లి, వచ్చిందా అని పిల్లల చేతే అడిగించండి. రాలేదంటే ఇంకోసారి రాయించండి.